వరంగల్ ఇంట్లో బాక్స్‌ఫిష్: విషానికి ముందు నీటి లెక్క

పసుపు రంగు ఒంటి మీద నల్లని చుక్కలతో, మూలలు తీర్చినట్టుండే బాక్స్‌ఫిష్ పిల్లను ఒకసారి చూసిన వారు దానిని అంత తేలికగా మరిచిపోరు. మంచినీటి చేపలను ఏళ్ల తరబడి బాగా పెంచిన వారు కూడా హైదరాబాద్‌లోనో, చెన్నై కొళత్తూరు అలంకార చేపల అంగళ్లలోనో ఈ చేపను చూసి, వరంగల్‌లోని తమ ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టి దీనిని సాకవచ్చునా అని అడుగుతుంటారు. వారికి దొరికే జవాబులు సాధారణంగా రెండే. అది విషం వదిలి తొట్టిలోని చేపలన్నింటినీ చంపుతుందని ఒకరు భయపెడతారు; జాగ్రత్తగా చూసుకుంటే ఏమీ కాదని ఇంకొకరు ధైర్యం చెబుతారు. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నది గాని, ఆ విషం ఎందుకు వెలువడుతుంది, ఎప్పుడు వెలువడుతుంది, ఎంత నీటిలో కలుస్తుంది అన్న ప్రశ్నలకు మాత్రం రెండింటిలోనూ సమాధానం లేదు. నా దృష్టిలో ఈ చేపను సాకడమంటే మొదట ఒక కొలత గల నీటిని ఏళ్ల తరబడి చెడిపోకుండా కాపాడుకోవడమే. ఆ కాపలాలో జరిగే తప్పులు ఒకదానికొకటి ముడిపడి చివరకు చేరే చోటు విషం.

బాక్స్‌ఫిష్‌లు ఆస్ట్రాసిడే కుటుంబానికి చెందినవి; ఉబ్బే స్వభావం గల పఫర్ చేపలకు దగ్గరి చుట్టాలు. దుకాణాల్లో ఎక్కువగా కనిపించే పసుపు రకాన్ని 1758లో లిన్నేయస్ వర్ణించాడు. దాని శాస్త్రీయ నామం ఆస్ట్రాసియన్ క్యూబికమ్. ఎర్ర సముద్రం నుంచి హిందూ మహాసముద్రం మీదుగా పసిఫిక్ దాకా పగడపు దిబ్బల మధ్య ఇది బతుకుతుంది. నెత్తి మీద రెండు కొమ్ములున్న లాక్టోరియా కార్నూటాను వ్యాపారులు కౌఫిష్ అంటారు. అదీ ఈ కుటుంబానిదే. వీటి పొలుసులు ఆరు భుజాల పలకలుగా మారి, ఒకదానితో ఒకటి అతుక్కుని ఎముకతో చేసిన డొప్ప అవుతాయి. నోరు, కళ్లు, రెక్కలు, తోక, చిన్న చీలికల వంటి మొప్ప ద్వారాలు మాత్రమే ఆ డొప్ప నుంచి బయటికి వస్తాయి. ఒళ్లు వంచి ఈదడం దీనికి సాధ్యం కాదు. వీపు, ప్రక్క, అడుగు రెక్కలను చకచకా ఆడిస్తూ మెల్లగా తిరుగుతుంది, తప్పనిసరి అయినప్పుడే తోకను వాడుతుంది. 2005లో మెర్సిడెస్ బెంజ్ సంస్థ ఈ ఆకారాన్ని ఆధారం చేసుకుని ఒక నమూనా కారును ప్రదర్శించినందున ఇది వేగంగా దూసుకుపోయే చేప అనుకునేవారు ఉన్నారు. నిజానికి పారిపోయి ప్రాణం దక్కించుకోగల వేగం దీనికి లేదు. అందుకే డొప్పకు తోడు చర్మంలో విషం ఉన్నది.

ఆ విషం గురించి కొంత వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే పఫర్ చేపల విషంతో దీనిని కలిపి చెప్పేవారు ఎక్కువ. పఫర్ విషం నరాలను స్తంభింపజేసేది. ఆ చేపను తిన్నవారికి ప్రమాదం. బాక్స్‌ఫిష్ విషం చర్మపు జిగురుతో పాటు నీటిలోకి వెలువడుతుంది. 1967లో హవాయికి చెందిన రసాయన శాస్త్రవేత్తలు బాయ్‌లన్, షోయర్ దాని నిర్మాణాన్ని తేల్చారు. దానికి పహుటాక్సిన్ అని పేరు. అది ప్రోటీన్ కాదు. ఒక కొవ్వు ఆమ్లం కోలీన్‌తో కలిసి ఏర్పడిన పదార్థం. ఒక కొస నీటిని, ఇంకొక కొస నూనెను పట్టుకునే స్వభావం ఉండడం వల్ల అది సబ్బులాగా నురగ కట్టిస్తుంది, కణాల పైపొరలను చెదరగొడుతుంది, ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. చేప ఒంటి మీద నీటికి అత్యంత దగ్గరగా రక్తం ప్రవహించే చోటు మొప్పలే కాబట్టి మొదటి దెబ్బ అక్కడే పడుతుంది. సముద్రంలో దీనిని నోట పెట్టుకున్న పెద్ద చేప వెంటనే ఉమ్మివేస్తుంది, మిగిలిన విషం క్షణాల్లో చెదిరిపోతుంది, బాక్స్‌ఫిష్ అక్కడి నుంచి జరిగిపోతుంది. గాజు తొట్టిలో విషానికి చెదిరిపోయే చోటు లేదు, చేపకు జరిగిపోయే చోటు లేదు. అందువల్ల తోటి చేపలతో పాటు విషం వదిలిన చేప కూడా చనిపోవచ్చును.

అయితే తొట్టికి అలవాటు పడి, కడుపునిండా తింటూ, తరిమేవారు లేకుండా ఉన్న బాక్స్‌ఫిష్ ఊరికే విషం వదలదు. పెద్ద పెద్ద ప్రజా అక్వేరియంలలో ఇవి ఇతర చేపలతో కలిసి ఏళ్లపాటు బతుకుతున్నాయి. ప్రాణభయం, తీవ్రమైన ఒత్తిడి, చావుకు దగ్గరైన స్థితి — ఈ మూడు సందర్భాలలోనే ప్రమాదం. కనుక మన ఇంట్లో, మన వాతావరణంలో ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి రాగలదో వెతకాలి.

ఇక్కడ మన అనుభవమే మనల్ని కొంత తప్పుదారి పట్టిస్తుంది. రామప్ప, పాకాల, లక్నవరం వంటి చెరువుల నీడలో పెరిగిన వారికి చేప అనగానే కొర్రమీను, బొచ్చె, రవ్వ గుర్తుకొస్తాయి. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను నీటిలో ప్రాణవాయువు తగ్గితే పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు, బురదలోనూ బతకగలదు. బాక్స్‌ఫిష్‌కు ఆ వెసులుబాటు లేదు. శరీర ధర్మం కూడా తలకిందులే: మంచినీటి చేప ఒంట్లోకి నీరు తనంతట తానే చేరుతుంది కాబట్టి అది నీళ్లు దాదాపుగా తాగదు, పలుచని మూత్రం ఎక్కువగా విసర్జిస్తుంది. సముద్రపు చేప ఒంట్లోంచి నీరు ఎప్పుడూ బయటికి లాగబడుతూ ఉంటుంది. అది నిరంతరం ఉప్పునీటిని తాగి, అదనపు ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపుతుంది. చుట్టూ ఉన్న నీటిలో ఏది కలిసినా దానిని తాగక తప్పని ప్రాణి ఇది.

చేప విసర్జించే అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే ఎక్కువ విషపూరితం. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ ఒక అంకె పెరిగితే ఆ విషరూపం వాటా దాదాపు పది రెట్లవుతుంది. మంచినీటి తొట్టి పీహెచ్ 7.2 దగ్గర ఉంటే ఉప్పునీటి తొట్టి 8.1 నుంచి 8.4 మధ్య ఉండాలి. అంటే మంచినీటిలో చేపలు ఓర్చుకున్న అమ్మోనియా ఇక్కడ ప్రాణాంతకం కాగలదు. అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టరులో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వ్యవధి ముగిసి, పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపేదాకా తొట్టిలో చేప ఉండరాదు. బాక్స్‌ఫిష్ విషయంలో నేను ఇంకా కఠినంగా ఆలోచిస్తాను: కొత్తగా నెమ్మదించిన తొట్టి కూడా దానికి పనికిరాదు, కనీసం ఒక ఎండాకాలం దాటి నిలిచిన తొట్టి కావాలి.

సముద్రం మనకు దూరం. కాబట్టి సముద్రపు నీటిని ఇంట్లోనే తయారు చేసుకోవాలి, ఆ తయారీ మంచినీటితో మొదలవుతుంది. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల నుంచి శుద్ధి చేసి ఇచ్చే నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఉత్తర తెలంగాణ గ్రానైట్ నేలలోంచి వచ్చే బోరు నీటిలో చాలాచోట్ల కాఠిన్యం ఎక్కువ, కొన్నిచోట్ల ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా ఉంటాయి. ఫిల్టర్ నీళ్ల ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల డబ్బాను, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో పరీక్షించకుండా నమ్మరాదు, ఎందుకంటే తాగడానికి రుచిగా ఉండాలని ఆ నీటిలో కొన్ని లవణాలను మిగిల్చి పెడతారు. ఆర్వో యంత్రానికి, మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఅయొనైజేషన్ గొట్టం జతచేసి, టీడీఎస్ దాదాపు సున్నాకు వచ్చిన నీటినే వాడడం క్షేమం. అందులో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున అక్వేరియం ఉప్పు కలిపితే సాంద్రత 1.025 దగ్గరికి వస్తుంది.

ఖర్చు తగ్గుతుందని కల్లుప్పు వాడే ఆలోచన కొందరికి కలుగుతుంది. ఉప్పు మడిలో సముద్రపు నీరు ఎండుతున్నప్పుడు గట్టిపడే సోడియం క్లోరైడ్‌నే ఎత్తి పోగు చేస్తారు. మెగ్నీషియం చాలావరకు అడుగున మిగిలే చేదు ద్రవంలోనే ఉండిపోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 400కు పైగా కాల్షియం, దానికి దగ్గరగా పొటాషియం ఉంటాయి. పీహెచ్‌ను నిలబెట్టే క్షారగుణం కూడా కల్లుప్పులో లేదు. ఉప్పగా ఉన్న ప్రతి నీరూ సముద్రపు నీరు కాదు. ఇక్కడ పొదుపు చేయదగ్గది ఏదీ లేదు.

వరంగల్‌లో అసలు పరీక్ష ఎండ పెడుతుంది. మే నెలలో బయట 42 నుంచి 45 డిగ్రీల దాకా వేడి ఉన్న రోజులలో మేడ మీది గది రాత్రి కూడా చల్లబడదు. ఉప్పునీటి తొట్టి 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. వేడెక్కిన నీటిలో మూడు మార్పులు ఒకేసారి జరుగుతాయి, ఒక్కొక్కటి రెండవదాన్ని పెంచుతుంది. మొదటిది, నీరు పట్టి ఉంచుకోగల ప్రాణవాయువు తగ్గుతుంది. అదే వేడి దగ్గర మంచినీటి కన్నా ఉప్పునీరు ఎలాగూ తక్కువ ప్రాణవాయువును పట్టుకుంటుంది: 25 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా కరిగితే సముద్రపు నీటిలో 7 కూడా కరగదు. రెండవది, చేప ఒంటి వేగం పెరిగి దానికి అవసరమైన ప్రాణవాయువు ఎక్కువవుతుంది. మూడవది, అమ్మోనియాలో విషరూపం వాటా పెరుగుతుంది. చిన్న చీలికల వంటి మొప్ప ద్వారాలతో, కదలని డొప్పలో బిగించి ఉన్న చేపకు ఈ మూడూ కలిసి వచ్చినప్పుడు కలిగే అవస్థ బయటికి చాలా ఆలస్యంగా కనిపిస్తుంది. అంతదాకా వచ్చిన ఒత్తిడిలో తోటి చేప ఒకటి వచ్చి రెక్క కొరికినా విషం వెలువడడానికి అది చాలు.

మన పొడి ఎండలో ఒక చిన్న మేలు ఉన్నది. ఇంటి కూలర్ ఏ కారణం వల్ల వరంగల్‌లో బాగా పనిచేస్తుందో, అదే కారణం వల్ల తొట్టి నీటి మీదికి ఫ్యాను తిప్పితే నీరు ఆవిరై రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండిన వానకాలంలో ఆ ఫలితం తగ్గిపోతుంది. గది 36 డిగ్రీలున్నప్పుడు ఫ్యాను తీసుకురాగలిగిన చల్లదనం ఈ చేపకు చాలదు కూడా. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం లేదా రోజంతా ఏసీ నడిచే గది తప్పనిసరి. ఆవిరిలో ఇంకొక చిక్కు ఉన్నది: నీరు పోతుంది గాని ఉప్పు పోదు. 255 లీటర్ల తొట్టిలో 10 లీటర్లు ఆవిరైతే లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు 36.4కు చేరుతుంది. తగ్గిన నీటిని ఉప్పునీటితో కాక, శుద్ధి చేసిన మంచినీటితో మాత్రమే, రోజూ కొద్దికొద్దిగా నింపాలి. వారానికోసారి బకెట్టుతో పోస్తే ఉప్పు ఒక్కసారిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, చేప మొప్పలు ఆ ఊగిసలాటను భరించవలసి వస్తుంది.

ఎండాకాలం గాలివానకు కరెంటు పోవడం మనకు కొత్త కాదు. ఇంటి ఇన్వర్టరు గాలి పంపును, చిన్న నీటి మోటారును గంటల తరబడి నడపగలదు, చిల్లరును నడపలేదు. నీటి ప్రవాహం ఆగిన ఫిల్టరులో బాక్టీరియా కూడా ప్రాణవాయువు లేక చచ్చిపోతుందని గుర్తుంచుకుని, కనీసం గాలి పంపుకు విడిగా బ్యాటరీ ఏర్పాటు చేసుకోవాలి.

ఇక తొట్టి పరిమాణం. దుకాణంలో చూసిన పిల్ల బొటనవేలు గోరంత ఉండవచ్చును, కానీ పసుపు బాక్స్‌ఫిష్ 45 సెంటీమీటర్ల దాకా పెరిగే చేప. పెరిగే కొద్దీ ఆ పసుపు కూడా ముదిరి, మసకబారి, నీలి బూడిద రంగులోకి మారుతుంది. మన ఇండ్లలో సాధారణంగా కనిపించే నాలుగడుగుల తొట్టి వెడల్పు అడుగున్నర, అంటే అదే 45 సెంటీమీటర్లు. ఒళ్లు వంగని చేప తన పొడవంత వెడల్పులో వెనక్కి తిరగాలంటే ఎట్లా ఉంటుందో ఊహించవచ్చును. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల తొట్టిలో 680 లీటర్లు పడతాయి; ఎదిగిన చేపకు నేను అంతకు తక్కువ చెప్పలేను. ఆ ఒక్క తొట్టిని నింపడానికే దాదాపు 24 కిలోల ఉప్పు కావాలి. నీటి బరువే సుమారు 700 కిలోలు, గాజు, స్టాండు అదనం. మన దేశ నిర్మాణ ప్రమాణాల ప్రకారం ఇంటి గదుల స్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వినియోగ భారానికి లెక్కిస్తారు. ఈ తొట్టి తాను నిలిచిన చోట అంతకు మూడు రెట్లకు పైగా మోపుతుంది. పై అంతస్తులో పెట్టదలచిన వారు ఇంజనీరును అడగకుండా పెట్టరాదు. వీధి వైపు గది కూడా మంచిది కాదు. చేపలు నీటిలోని కంపనాలను ఒంటి ప్రక్కనున్న రేఖతో పసిగడతాయి. ఊరేగింపు డీజే గోడకు ఆనుకుని మోగే చోట బెదిరే స్వభావం గల చేపను ఉంచడం న్యాయం కాదు.

తిండి విషయంలో ఒక వైరుధ్యం ఉన్నది. సముద్రంలో ఇది రోజంతా నాచు, స్పాంజీలు, పురుగులు, చిన్న రొయ్య జాతులు, నత్తలను కొద్దికొద్దిగా కొరుక్కుతింటుంది. ఇంట్లో రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. ఎంత పెడితే అంత మలినం నీటిలో చేరుతుంది. తిండి తగ్గిస్తే చేప చిక్కిపోతుంది, పెంచితే నీరు చెడుతుంది. ఈ చిక్కుకు నీటి పరిమాణమే పరిష్కారం, కనుకనే పైన పెద్ద తొట్టి గురించి అంత పట్టుబట్టాను. చేప చిక్కిపోవడం కూడా తేలికగా కనబడదు, ఎందుకంటే డొప్ప ఆకారం మారదు. అడుగు భాగాన్ని చూడాలి. పొట్ట లోపలికి గుంట పడితే అది ఎన్నో రోజులుగా సరిగ్గా తినడం లేదని అర్థం. వరంగల్ మార్కెట్లో దొరికే తాజా రొయ్యను సన్నగా తరిగి పెట్టవచ్చును గాని ఎప్పుడూ అదొక్కటే సరిపోదు. గడ్డకట్టించిన మైసిస్ అనే చిన్న రొయ్యలాంటి జీవులు, స్క్విడ్ ముక్కలు, సముద్రపు నాచు, స్పిరులినా కలిసిన మేత మార్చి మార్చి ఇవ్వాలి. మంచినీటి చేపలకు వేసే ట్యూబిఫెక్స్ పురుగులు ఉప్పునీటిలో తొందరగా చచ్చి నీటిని పాడుచేస్తాయి. మెల్లగా తినే చేప కాబట్టి ఎగబడి తినే చేపల మధ్య ఇది ఆకలితో మిగిలిపోతుంది. ట్రిగ్గర్ చేపలు, కొరికే పఫర్లు, దురుసు డామ్‌సెల్ చేపలు దీనితో ఉండరాదు. ఇతర చేపల ఒంటిని శుభ్రం చేసే రాస్ చేప కూడా దీని చర్మాన్ని పదే పదే పొడిచి విసిగిస్తుంది. నీటి మోటారు మూతికి జాలీ లేకపోతే ఈతలో బలహీనమైన పిల్ల దానికి అతుక్కుపోతుంది.

చేప ఇంటికి చేరే రోజు అన్నింటికన్నా ప్రమాదకరమైనది, దాని కారణం రసాయనికం. చెన్నై నుంచి కాజీపేట దాకా ప్లాస్టిక్ సంచిలో ప్రయాణించిన చేప అమ్మోనియాను, బొగ్గుపులుసు వాయువును ఆ కొద్దిపాటి నీటిలోకే వదులుతుంది. బొగ్గుపులుసు వాయువు వల్ల పీహెచ్ పడిపోయి, అమ్మోనియా తక్కువ హాని చేసే రూపంలో ఉండిపోతుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటికి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా నిద్రాణంగా ఉన్న అమ్మోనియా విషంగా మారుతుంది. కాబట్టి విప్పిన సంచిలో గంటల తరబడి చుక్కలు చుక్కలుగా నీరు కలుపుతూ కూర్చోవడం మేలుకన్నా కీడు చేస్తుంది. సంచిలోని ఉప్పు శాతాన్ని ముందే అడిగి తెలుసుకుని, కొత్త చేపను కొన్నాళ్లు వేరుగా ఉంచే విడి తొట్టి నీటిని దానికి సరిపోల్చి, సంచిని కాసేపు తేలనిచ్చి వేడిని సమం చేసి, విప్పిన వెంటనే చేపను మార్చాలి. వలతో గాలిలోకి ఎత్తరాదు. నీటి అడుగునే ఒక గిన్నెలోకి మళ్లించి తీసుకోవాలి. దారిలో విషం వదిలిందో లేదో చూసి చెప్పలేం కనుక సంచి నీరు ఒక్క చుక్క కూడా తొట్టిలో పడకూడదు.

ఆ విడి తొట్టిలో కనీసం నెల రోజులు ఉంచాలి. ఉప్పునీటి తెల్లమచ్చ వ్యాధిని కలిగించే క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి బాక్స్‌ఫిష్‌లకు తరచుగా వస్తుంది. దానికి అందరూ వాడే రాగి మందును ఈ చేప సరిగ్గా ఓర్వలేదు. పరాన్నజీవి చేపను వదిలి అడుగున గట్టిపడే దశలో, మూడు రోజులకోసారి చేపను కొత్త నీటి తొట్టిలోకి మారుస్తూ పోవడం మందు లేకుండా దానిని వదిలించే పద్ధతి. ప్రతి మార్పులోనూ చేప బెదరకుండా చూడాలి కాబట్టి చెప్పినంత తేలిక పని మాత్రం కాదు.

ఒకవేళ విషం వెలువడితే ఏం చేయాలన్నది ముందే సిద్ధం చేసుకోవలసిన విషయం. అకారణంగా నురగ కట్టడం, చేపలన్నీ ఒకేసారి పైకి వచ్చి ఎగశ్వాస పీల్చడం దాని గుర్తులు. యాక్టివేటెడ్ కార్బన్, నురగతో మలినాలను బయటికి తీసే ప్రోటీన్ స్కిమ్మర్ కొంత విషాన్ని లాగగలవు, కానీ మొప్పలు దెబ్బతినే వేగం ముందు వాటి వేగం చాలదు. చేపలను వెంటనే వేరే మంచి ఉప్పునీటిలోకి మార్చడం ఒక్కటే నమ్మదగిన పని. అందుకోసం 100 లీటర్ల డ్రమ్ములో ఉప్పు కలిపిన నీటిని, గాలి పంపుతో, తొట్టి వేడికి సమానంగా, ఎల్లప్పుడూ సిద్ధంగా ఉంచాలి. బాక్స్‌ఫిష్‌ను ఇతర చేపల నుంచి విడిగా మార్చాలి. డ్రమ్ముకు చోటు లేని ఇంట్లో ఈ చేపకు చోటు లేదనే నేను అంటాను.

ఇంకొక మాట కూడా చెప్పవలసి ఉన్నది. అమ్మకానికి వచ్చే బాక్స్‌ఫిష్‌లు దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే. అలంకారం కోసం సహజ పగడపు రాళ్లను తెచ్చి పెట్టడమైతే నేరం. గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణలో ఉన్నాయి. పింగాణీతో చేసిన ఫిల్టరు రాళ్లతో బాక్టీరియాకు కావలసిన చోటు దొరుకుతుంది, కనుక పగడపు రాళ్ల అవసరం కూడా లేదు. ఉప్పునీటి తొట్టి మీద నిజమైన ఆసక్తి ఉన్నవారికి మన దేశంలోనే పిల్లలను తీసి పెంచిన క్లౌన్ చేపలు ఉన్నాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటి ఉత్పత్తి పద్ధతులను ఎప్పుడో సాధించింది. అవి చిన్న తొట్టిలో బతుకుతాయి, ఇచ్చిన మేత తింటాయి, విషం వదలవు. వాటితో రెండు ఎండాకాలాలు గడిపి, మేడారం జాతరకు ఇల్లంతా కదిలిన నాలుగు రోజులు కూడా పూటపూటకూ మేత వేసి, ఆవిరైన నీటిని కొలిచి నింపగల మనిషిని ఏర్పాటు చేసుకోగలిగిన తరువాత, ఆరడుగుల తొట్టికి స్లాబు తట్టుకుంటుందని తెలిసిన తరువాత బాక్స్‌ఫిష్ గురించి ఆలోచించవచ్చును. అప్పుడు కూడా గోరంత పిల్లను కాక, దుకాణంలో తన కళ్లముందు మేత తిన్న, పొట్ట గుంట పడని, ఐదారు సెంటీమీటర్ల చేపనే తీసుకోవాలి.